నది వదిలేసిన గుడి, పైకి చూపించే వేలు

మొదటి రోజు, గురువారం

మా పెదనాన్న డాలస్ వచ్చి రెండు నెలలైంది. మాల్స్ చూపించాం, ఆక్వేరియం చూపించాం, హ్యూస్టన్ తీసుకెళ్లి రాకెట్టు కూడా చూపించాం. అన్నిటికీ "బానే ఉంది" అన్నాడు. ఒక రోజు మా ఇంటి గోడని వేలితో తట్టి, "ఇది ఇటుక గోడ కాదురా, చెక్క గోడకి తొడిగిన ఇటుక చొక్కా" అని తేల్చేశాడు. తెనాలి దగ్గర ముప్పై ఏళ్లు ఇటుక బట్టీ నడిపిన మనిషి. "ఈ దేశంలో అసలైన ఇటుక కట్టుబడి ఎక్కడా లేదా?" అని అడిగాడు. నాకు మిసిసిపీ రాష్ట్రంలోని రాడ్నీ గుర్తొచ్చింది. ఊరు పోయి గుడి, అంటే చర్చి, మిగిలిన చోటు.

అక్టోబరు నెలాఖరు. తెల్లారి ఆరింటికి పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ సర్దుకుని బయల్దేరాం. లూసియానా దాటేవరకు చెప్పుకోదగ్గదేం లేదు. చివరి గంటలో పత్తి చేలు మొదలయ్యాయి. ఏరిన పత్తిని మిషను గుండ్రంగా చుట్టి, రంగు ప్లాస్టిక్ తొడిగి, చేలో వరసగా పడేసింది. "మన గడ్డివాములకి చీర కట్టినట్టుంది" అన్నాడు పెదనాన్న.

దారిలో ఆయనకి రెండు ఫోన్లు వచ్చాయి, రెండూ ఊరి నుంచే. మా ఊళ్లో వందేళ్లు దాటిన లూథరన్ గుడి ఉంది. సున్నంతో కట్టిన గోడలు. గోడలు చెమ్మగిల్లుతున్నాయని, పాత గచ్చు గీకేసి సిమెంటు ప్లాస్టరింగు చేయించాలని కమిటీ తీర్మానించింది. పెదనాన్న కూడా కమిటీలో ఒక పెద్ద. "చేయించండి, నేనొచ్చేసరికి అయిపోవాలి" అని చెప్పి ఫోను పెట్టేశాడు.

"మనం చూడబోయేది ఏ మిషను గుడి?"

"ప్రెస్బిటేరియన్."

"అంటే?"

గ్రీకులో ప్రెస్బుతెరోస్ అంటే పెద్దమనిషి. స్కాట్లండులో జాన్ నాక్స్ నిలబెట్టిన పద్ధతి. బిషప్పు ఉండడు. సంఘం తనలోంచి పెద్దల్ని ఎన్నుకుంటుంది, వాళ్లూ పాస్టరు గారూ కలిసి నడుపుతారు. ఈ ముక్క చెబితే ఆయన నవ్వి, "పెద్దలంటే గొడవలు కూడా ఉంటాయే" అన్నాడు. ఉన్నాయి. 1837లో ఒకసారి రెండుగా చీలారు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక దక్షిణాది వాళ్లు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. ఉత్తరం, దక్షిణం మళ్లీ కలిసింది 1983లో. అంటే 122 ఏళ్లు. "మా కమిటీ నయం" అన్నాడు.

సాయంత్రానికి విడేలియా వంతెన మీద మిసిసిపీ దాటి నాచెజ్‌లో దిగాం. అంత పెద్ద నది చూసి కూడా "ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఇంతకంటే వెడల్పు" అనడం ఆయన మానలేదు.

రెండో రోజు, శుక్రవారం

నాచెజ్ ట్రేస్ పార్క్‌వే ఎక్కాం. ఇక్కణ్ణుంచి నాష్‌విల్ దాకా 444 మైళ్లు. లారీలు రానివ్వరు, గంటకి 50 మైళ్లు దాటనివ్వరు, ఎక్కడా ఒక్క హోర్డింగు కనపడదు. ఆ తర్వాత పక్కదారి, దాని తర్వాత కంకర రోడ్డు. ఫోనులో సిగ్నల్ పోయింది. రోడ్డుకి రెండు వైపులా మనిషి ఎత్తుకి మించిన మట్టి గోడలు, వాటి మీద కుడ్జూ తీగ దుప్పటి కప్పినట్టు పాకి ఉంది. ఈ మట్టిని లోయెస్ అంటారు. మంచుయుగం చివర్లో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి ధూళి. నిలువుగా కోస్తే గోడలా నిలబడుతుంది, బళ్లు తిరిగితే అరిగి దారి కిందికి దిగిపోతుంది. పెదనాన్న కారు ఆపించి, గుప్పెడు మట్టి నలిపి చూశాడు. "ఇసుక పాలు తక్కువ. ఇటుక కోస్తే నునుపుగా వస్తుంది గానీ కాల్చడం తెలియాలి" అన్నాడు.

రాడ్నీలో ముందు కనపడింది గంట గూడు. చెట్లలోంచి గుండ్రంగా, తెల్లగా. దాని కింద ఎర్ర ఇటుక గుడి, మెట్లు మెట్లుగా ఎక్కే కప్పు అంచుతో, విసనకర్ర విప్పినట్టున్న అద్దాలు పైన పెట్టిన తలుపులతో. చుట్టూ ఊరు లేదు. ఒకటీ అరా ఇళ్లు, వేటగాళ్ల విడుదులు, కాస్త అవతల పాత బాప్టిస్టు గుడి. వీధి అనుకోవాల్సిన చోట గడ్డి.

దీనికి ఫ్రెంచివాళ్ల కాలంలో పేరు పెతీ గల్ఫ్. 1828లో జడ్జి థామస్ రాడ్నీ పేరు పెట్టారు. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్‌ని 1807లో మిసిసిపీలో విచారణకి నిలబెట్టినప్పుడు బెంచి మీద కూర్చున్న జడ్జి ఆయనే. మిసిసిపీకి రాజధాని అయ్యే యోగం మూడు ఓట్లలో తప్పిందని ఈ వైపు చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ ఊరికి డబ్బు మాత్రం నిజంగానే ఉండేది. ఈ దగ్గర్లోని తోటలోనే డాక్టర్ రష్ నట్ పెతీ గల్ఫ్ అనే పత్తి రకాన్ని అభివృద్ధి చేశాడు. కాయ విచ్చుకునే తీరు వల్ల చేత్తో ఏరడం తేలిక, తెగులు తట్టుకునేది. ఆ విత్తనం దక్షిణాది అంతా పాకింది. ఏరడం తేలికైతే బానిసలకి సుఖమేమో అనుకుంటాం. జరిగింది తలకిందులు: రోజుకి ఇన్ని పౌన్లు ఏరాలనే లెక్క పెరిగింది.

ఆ పత్తి డబ్బుతో లేచిన గుడి ఇది. 1832 జనవరి 1న ప్రతిష్ఠ జరిగింది. ప్రసంగించింది జెరెమయా చేంబర్లేన్ అనే ప్రెస్బిటేరియన్ బోధకుడు. ఆయన కథ రేపు మళ్లీ వస్తుంది. గంట పోతపోసేటప్పుడు వెయ్యి వెండి డాలర్లు కరిగించి కలిపారని ఒక మాట ఉంది. మన వైపు గుడి గంటల్లో ఆడవాళ్లు గాజులు వేసేవాళ్లని చెప్పుకున్నట్టే. ప్రతి ఊరికీ తన గంట బంగారమే.

తలుపు తాళం వేసి ఉంది. కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూశాం. దుమ్ము, బల్లలు, పైన గ్యాలరీ. తోటల యజమానులు కింద, వాళ్ల బానిసలు పైన. పెదనాన్న చాలాసేపు గ్యాలరీ వైపే చూశాడు. "కింద కూర్చున్నోళ్లకి ప్రసంగం, పైన కూర్చున్నోళ్లకి గోడ కనపడేది. ఆ గోడ వాళ్లు పెట్టిందే అయ్యుంటుంది" అన్నాడు.

గోడ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఒక చోట ఆగి నన్ను పిలిచాడు. "ఇటు చూడు. ఈ ఇటుక మెత్తన. బట్టీలో బయటి వరసలో కాలిన రకం. పాత సున్నం ఉన్న చోట ఇటుక అంచు కత్తిలా ఉంది. ఎవడో తర్వాత గట్టి సిమెంటు కూరిన చోట ఇటుక ముఖం పెచ్చులూడింది." సున్నం గోడలోని తడిని లోపలికీ బయటికీ పోనిస్తుంది, ఇటుకకంటే మెత్తన కాబట్టి అరిగితే తనే అరుగుతుంది. సిమెంటు తడిని బిగబడుతుంది. ఆ తడి ఇక ఇటుకలోంచి బయటపడాలి, పడేటప్పుడు ఇటుకనే చీల్చుకుంటూ పోతుంది. ఇదంతా ఆయనకి తెలియంది కాదు. బట్టీ రోజుల్లో మేస్త్రీలకి చెప్పే ఉంటాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఏం గుర్తొచ్చిందో నాకు అర్థమైంది, అడగలేదు.

ముందు గోడ మీద, మధ్య కిటికీకి పైన, ఒక ఇనప గుండు ఇరుక్కుని ఉంది. ఈ గుడికి పేరు తెచ్చింది ఇదే.

అంతర్యుద్ధంలో 1863 జులై 4న దక్షిణాది చేతిలోని రేవు పట్నం విక్స్‌బర్గ్ పడిపోయింది. నది మొత్తం ఉత్తరాది నౌకాదళం చేతికొచ్చింది. రాడ్నీ ఎదురుగా రాట్లర్ అనే యుద్ధపడవ కాపలా ఉండేది, పలచని ఇనప రేకు తొడిగిన రకం. ఒడ్డుకి దిగొద్దని ఆజ్ఞ ఉంది. పడవ మీద నెలల తరబడి కూర్చుంటే ఎవరికైనా విసుగేగా. ఆ సెప్టెంబరులో ఉత్తరాదికి అనుకూలుడైన బేకర్ అనే బోధకుడు ఈ గుడిలో ప్రసంగించడానికి వచ్చి, పడవ వాళ్లని కూడా ఆరాధనకి రమ్మన్నాడు. కెప్టెన్ ఫెంట్రెస్, ఇరవై మంది దాకా నావికులు, ఉతికిన యూనిఫారాలు తొడుక్కుని వచ్చి ఊరి ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు. చాలా చోట్ల ఇది 12వ తేదీ అని రాస్తారు. లెక్కేసి చూస్తే ఆ రోజు శనివారం, ఆదివారం 13. గుడికి వెళ్లారంటే నేను 13నే నమ్ముతాను.

పాట మధ్యలో దక్షిణాది అశ్వికదళపు లెఫ్టినెంట్ అలెన్ లోపలికి నడిచొచ్చి, బోధకుడికి క్షమాపణ చెప్పి, గుడి చుట్టుముట్టాం లొంగిపొమ్మన్నాడు. ఒక నావికుడు తుపాకి పేల్చాడు. గుండు అలెన్ టోపీలోంచి పోయింది. బల్లల కింద జనం, పైన తూటాలు. ఒకతను తన స్నేహితురాలి వెడల్పు గౌను కింద దాక్కుని తప్పించుకున్నాడని కూడా చెబుతారు. కెప్టెన్‌తో కలిపి 17 మంది పట్టుబడ్డారు. కబురు తెలిసి రాట్లర్ ఊరి మీద గుళ్లు కురిపించింది. నాలుగు ఇళ్లకీ, ఈ గుడికీ తగిలాయి. ఆపకపోతే పట్టుకున్నవాళ్లని ఉరేస్తానని అలెన్ కబురంపాక ఆగింది. నీళ్ల మీది పడవకి గుర్రాల మీది వాళ్లు కెప్టెన్ లేకుండా చేశారని దక్షిణాదిలో చాలాకాలం నవ్వుకున్నారు.

ఇప్పుడు గోడలో ఉన్న గుండు అసలుది కాదు, నకలు. పెదనాన్నకి అది తెలిశాక ఆసక్తి పోయింది.

ఊరిని చంపింది యుద్ధం కాదు. 1843లో పచ్చజ్వరం వచ్చింది, తట్టుకుంది. 1869లో మంటలొచ్చి చాలా భాగం కాలిపోయింది. ఆ వెంటనే, 1870 ప్రాంతంలో, నది దారి మార్చుకుంది. ఎదుట ఇసుక దిబ్బ మేటవేసి, మిసిసిపీ రెండు మైళ్లు పడమటికి జరిగిపోయింది. తర్వాత రైలు కూడా వేరే దారిన వెళ్లింది. 1930లో గవర్నరు రాడ్నీని ఊళ్ల జాబితాలోంచే కొట్టేశాడు. కేథలిక్ గుడిని 1983లో విప్పి గ్రాండ్ గల్ఫ్ పార్కుకి తరలించారు. పడవలు కట్టిన రేవు ఎక్కడని వెతికితే అడివే. నది పోయినా వరద మాత్రం అప్పుడప్పుడూ వచ్చి పలకరించి పోతుంటుంది, కింద ఉన్న ఇళ్లల్లో నీళ్ల మరకలు కిటికీల దాకా ఉన్నాయి.

మూడో రోజు, శనివారం

ఆల్కార్న్ విశ్వవిద్యాలయం అడివి మధ్యలో హఠాత్తుగా కనపడుతుంది. 1830లో ప్రెస్బిటేరియన్లు ఇక్కడ ఓక్లండ్ కాలేజీ పెట్టారు, తోటల యజమానుల కొడుకుల కోసం. మొదటి అధ్యక్షుడు, నిన్నటి చేంబర్లేన్. పాతికేళ్ల కింద కట్టిన హాస్టళ్ల మధ్య అప్పటి ఓక్లండ్ చాపెల్ ఇంకా ఉంది, తెల్లటి గ్రీకు స్తంభాలతో. కట్టిన చేతులు బానిసలవి.

చేంబర్లేన్ అటూ ఇటూ కాని మనిషి. బానిసల్ని విడిపించి ఆఫ్రికాలోని లైబీరియా పంపాలనే కాలనైజేషన్ సొసైటీలో పనిచేశాడు. పక్కన ఉంచుకుని సమానులుగా చూడటం ఆ సొసైటీ ఊహకి అందలేదు. దేశం చీలకూడదనే పక్షం ఆయనది. 1851 సెప్టెంబరులో, చీలిపోవాలనే పక్షం వాడైన ఒక తోట యజమాని ఆయన్ని ఆయన ఇంటి గేటు దగ్గరే పొడిచి చంపాడు. యుద్ధంలో కాలేజీ మూతపడింది. ఆ స్థలాన్ని 1871లో ప్రభుత్వం కొని నల్లవాళ్ల కోసం ఆల్కార్న్ విశ్వవిద్యాలయం పెట్టింది. మొదటి అధ్యక్షుడు హైరమ్ రెవెల్స్, అమెరికా సెనేట్‌లో కూర్చున్న మొదటి నల్లజాతి సభ్యుడు, స్వయంగా బోధకుడు. బానిసలు కట్టిన చాపెల్లోకి వాళ్ల పిల్లలు పుస్తకాలతో నడిచొచ్చారు. పౌరహక్కుల కోసం ప్రాణమిచ్చిన మెడ్గర్ ఎవర్స్ ఇక్కడే చదివి 1952లో పట్టా తీసుకున్నాడు.

చాపెల్ ముందు ఇనప మెట్లు పట్టుకుని చూడు అన్నాను పెదనాన్నతో. అవి ఇక్కడివి కావు. కాసేపట్లో వాటి ఇల్లు చూశాం: విండ్సర్. 1861లో పూర్తయిన మహాసౌధం, యజమాని డానియల్ 34 ఏళ్లకే, ఇల్లు పూర్తయిన కొన్ని వారాలకే పోయాడు. 1890 ఫిబ్రవరి 17న ఎవరో అతిథి పారేసిన చుట్ట నిప్పుతో మొత్తం తగలబడింది. 23 స్తంభాలు మాత్రం 40 అడుగుల పైన ఎత్తులో, మోయడానికి ఏమీ లేకుండా నిలబడి ఉన్నాయి. ఇల్లు ఎలా ఉండేదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1863లో దారిన పోతూ హెన్రీ డ్వైట్ అనే ఉత్తరాది సైనికుడు గీసుకున్న బొమ్మ 1990లలో బయటపడింది. పెదనాన్న ఇక్కడ మళ్లీ చిన్నపిల్లాడయ్యాడు. గచ్చు ఊడిన చోట స్తంభం లోపల ఇటుకలు, గుండ్రం తిరగడానికి వాటిని ఎలా పేర్చారో నాకు చూపించి అరగంట చెప్పాడు. రాసేంత నాకు అర్థం కాలేదు.

పోర్ట్ గిబ్సన్ దారిలో బెథెల్ ప్రెస్బిటేరియన్ గుడి. 1840లలో కట్టిన చిన్న కట్టడం, దిబ్బ మీద ఒంటరిగా ఉంది. 1863 ఏప్రిల్ 30న బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర నది దాటిన ఉత్తరాది సేనాని గ్రాంట్ సైన్యం ఈ గుడి ముందు నుంచే నడిచింది. మేం వెళ్లేసరికి చీకటి పడుతోంది. గేటు దగ్గరే నిలబడి చూసి వచ్చేశాం.

నాలుగో రోజు, ఆదివారం

పోర్ట్ గిబ్సన్‌లో ముఖ్య వీధి పేరే చర్చ్ స్ట్రీట్. ఒకదాని తర్వాత ఒకటి గుళ్లు. మధ్యలో మూరిష్ గుమ్మటంతో 1892 నాటి యూదుల ప్రార్థనాలయం, పూజించేవాళ్లు లేక ఊరకే ఉంది. తగలబెట్టడానికి మనసొప్పనంత అందమైన ఊరు అని గ్రాంట్ అన్నాడట. నిజంగా అన్నాడో లేదో గానీ ఊరు దాన్ని బిరుదుగా తగిలించుకుంది.

అందరూ కారు ఆపేది మాత్రం ఫస్ట్ ప్రెస్బిటేరియన్ గుడి ముందు. శిఖరం కొన మీద శిలువ లేదు. బంగారు రంగు చెయ్యి ఉంది, పిడికిలి బిగించి చూపుడు వేలు పైకి ఎత్తి. తెల్లవారి ఎండలో మెరుస్తుంటే పెదనాన్న టోపీ తీసి, తల వెనక్కి వాల్చి, "క్లాసులో డౌటు అడిగే పిల్లాడిలా ఉందిరా" అన్నాడు.

సంఘం మొదలైంది 1807లో, ఊరి బయట బయూ పియర్ అనే వాగు ఒడ్డున. 1827లో వచ్చిన పాస్టరు జెబులన్ బట్లర్ ముప్పై ఏళ్లకి పైగా ఉన్నాడు. ఆయనా చేంబర్లేన్ తోటివాడే, అదే కాలనైజేషన్ సొసైటీ. ప్రసంగంలో మాటిమాటికీ వేలు పైకి చూపించడం ఆయన అలవాటు. 1859లో ఈ గుడి మొదలుపెట్టి 1860లో ముగించారు. అందులో జరిగిన మొదటి ఆరాధన బట్లర్ గారి అంత్యక్రియలే. డానియల్ ఫోలీ అనే ఊరి కుర్రాడు చెక్కతో చెయ్యి చెక్కి పైన నిలబెట్టాడు. వానకి నాని, వడ్రంగిపిట్టలు పొడిచి పాడైంది. వడ్రంగి చేసిన దాన్ని వడ్రంగిపిట్ట తినేసింది! 1901 ప్రాంతంలో లోహంతో పోతపోసి ఇప్పుడున్నది పెట్టారు. పది అడుగుల పైనే ఉంటుందంటారు.

తలుపు తెరిచి ఉంటే వెనక బల్ల మీద కూర్చున్నాం. పైనుంచి వేలాడే దీపాల గుత్తులు రాబర్ట్ ఇ. లీ అనే ఆవిరి పడవవి. 1870లో నాచెజ్ అనే పడవతో పందెం కట్టి, న్యూ ఆర్లీన్స్ నుంచి సెయింట్ లూయిస్‌కి 3 రోజుల 18 గంటల 14 నిమిషాల్లో చేరి గెలిచిన పడవ. తర్వాత దాన్ని విప్పేసినప్పుడు దీపాలు ఇక్కడికొచ్చాయి. రాడ్నీని వదిలేసి పోయిన నది, ఈ గుడికి దీపాలు ఇచ్చి పోయింది.

బయటికొచ్చి వీధి చివరి దాకా నడిచాం. ఈ వీధికి ఇంకో కథ ఉంది, బంగారు చెయ్యి ఫోటోల్లో రానిది. 1966లో నల్లవాళ్లు ఊరి పెద్దలకి కొన్ని కోరికలు రాసిచ్చారు. పోలీసుల్లో మావాళ్లని తీసుకోండి, జ్యూరీల్లో కూర్చోనివ్వండి, బస్‌స్టాండులో వేరు గదులు తీసేయండి. వాటితో పాటు ఇంకోటి: మమ్మల్ని 'బాయ్' అని పిలవడం ఆపి మిస్టర్, మిసెస్ అనండి. జవాబు రాలేదు. ఏప్రిల్ 1న ఫస్ట్ బాప్టిస్టు గుడిలో వందల మంది చేరి, తెల్లవాళ్ల కొట్లలో సరుకు కొనకూడదని తీర్మానించారు. కొట్లవాళ్లు 1969లో కేసు వేశారు. 1976లో రాష్ట్ర కోర్టు పన్నెండున్నర లక్షల డాలర్లు కట్టమంది. 1982 జులై 2న అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి, శాంతియుతంగా కొనకుండా ఉండటం రాజ్యాంగం ఇచ్చిన హక్కే అంది. ఇవాళ దేశంలో ఎక్కడ బహిష్కరణ జరిగినా వకీళ్లు ఎత్తే కేసు ఈ చిన్న ఊరిదే.

మిస్టర్ అంటే మన 'గారు'. పెదనాన్న ఆ 'గారు' సంగతి దగ్గరే ఆగిపోయాడు. "మా తాతని ఊళ్లో కామందుల పిల్లలు ఏరా అనేవాళ్లు. ఆరేడేళ్ల పిల్లలు. ఏరా అనకుండా పేరుకి గారు తగిలించి పిలిచింది మా గుడి పాస్టరు గారొక్కడే. అందుకే ఆ గుడికి ఇటుకలు మోశాడు మా తాత, కూలి తీసుకోకుండా." ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. మా ముత్తాత మోసిన ఇటుకలు ఆ గోడలో ఉన్నాయని నాకు నలభై ఏళ్లకి, మిసిసిపీలో తెలిసింది.

రాత్రి విక్స్‌బర్గ్‌లో గది తీసుకున్నాం. తొమ్మిదిన్నరకి నేను పక్క మీద వాలుతుంటే ఆయన ఫోను తీశాడు. అక్కడ పొద్దున్న ఎనిమిది, మేస్త్రీ పనిలోకి దిగే వేళ.

"ఏవయ్యా, గచ్చు గీకడం మొదలెట్టారా? ఎంతవరకు? తూర్పు గోడ ఒకటేనా... సరే, అక్కడితో ఆపు. సిమెంటు బస్తా విప్పొద్దు. కమిటీతో నేను మాట్లాడతాను. నువ్వు మాత్రం గానుగ సున్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కో. లేదంటే రాయి సున్నం తెచ్చి నానబెట్టు, ఎన్ని వారాలైనా పర్లేదు... పిచ్చోడివా, ఖర్చు సంగతి తర్వాత. ముందు ఆ గోడకి తడి గోనె కప్పు."